తొమ్మిదో తంగేడు

"రెండు కండెలే గదా, చుట్టేసి పో. నీ రైలు యాడికీ పోదులే" అంది లక్ష్మక్క.

రైలు పోతుంది. ఆ సంగతి లక్ష్మక్కకూ తెలుసు, కోడలు వరలక్ష్మికీ తెలుసు. ధర్మవరం స్టేషన్‌లో పొద్దుటి ప్యాసింజరు ఎవరి కండెల కోసమూ ఆగినట్టు ఇంతవరకూ ఎవరూ వినలేదు. అయినా వరలక్ష్మి భుజాన వేసుకున్న బ్యాగు దించింది. కొంగు నడుముకు దోపి రాట్నం ముందున్న పీట మీద కూర్చుంది. పట్టుదారం రెండు వేళ్ల మధ్య పట్టుకుని చక్రం తిప్పుతుంటే రెండు కండెలు నాలుగయ్యాయి, నాలుగు కాస్తా బుట్టెడయ్యాయి. ఎట్లాగూ కూర్చున్నావు కదా అన్నారు. ఆ ఇంట్లో పనులన్నీ అట్లాగే వస్తాయి. ఏదీ పని అనే పేరుతో రాదు. ఒక్క గ్లాసు టీయే కదా, ఒక్క చొక్కాయే కదా అంటూ తలుపు సందులోంచి దూరి, లోపలికొచ్చాక కాళ్లు చాపుకుని కూర్చుంటుంది.

ముందు హాల్లో నాలుగు మగ్గాలున్నాయి. ఒకదాని మీద ఆమె భర్త కుమారస్వామి, మిగతావాటి మీద కూలికి వచ్చే నేతగాళ్లు కూర్చుంటారు. నేసేవాడికి చీరకింత అని కూలి ఉంది. అతనికి కండెలు చుట్టిచ్చే చేతికి, మగ్గం మీది పాత అచ్చుకు, అంటే నిలువు పోగుల వరసకు, కొత్త అచ్చును పోగు పోగూ అతికే చేతికి ఏమీ లేదు. అది ఇంటి ఆడవాళ్లు చేసేది, కాబట్టి అది పని కాదు. వరలక్ష్మి హిందూపురం డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు మీద బోటనీ చెప్తుంది. ఆ జీతం ఇంటికి పనికొస్తుంది కానీ ఆమె రైలు వేళ ఒక్కటే ఎవరికీ గుర్తుండదు.

ఆమె కూర్చున్న పీట మధ్యలో ఒక పల్లం ఉంది. అది వరలక్ష్మి వల్ల పడిన పల్లం కాదు. మూడేళ్ల కాపురానికి చెక్క అంతగా అరగదు. అది మల్లిక కూర్చున్న చోటు. రాట్నం వెనక గోడ మీద తల ఆనే ఎత్తులో ఒక నూనె మరక ఉంది, సున్నం ఎన్నిసార్లు వేసినా పైకి తేలుతుంది. అది మల్లిక తల ఆనించిన చోటు. కొత్తల్లో వరలక్ష్మి పట్టుబట్టి నిటారుగా కూర్చునేది. ఎప్పుడు మొదలైందో తెలియదు, ఒకనాడు చూసుకుంటే తన తల సరిగ్గా ఆ మరక మీదే ఆని ఉంది. ఆనాడు చటుక్కున లేచి నిలబడింది. లక్ష్మక్క వంటింట్లోంచి "ఏమైందే, అయిపోయినాయా కండెలు?" అని అడిగింది. లేదత్తా అని మళ్లీ కూర్చుంది.

మల్లిక కుమారస్వామి మొదటి భార్య. పెళ్లి చూపుల్లో జ్వరమొచ్చి పోయిందని చెప్పారు. ముదిగుబ్బలో మగ్గం అమ్ముకుని కూర్చున్న వరలక్ష్మి నాయన నల్లప్ప అంతకంటే ఏమీ అడగలేదు. ముప్పయ్యేళ్లు దాటిన చదువుకున్న కూతురికి సంబంధం దొరకడమే ఆయనకు పెద్ద విషయం. పెళ్లినాడు తాళితో పాటు ఒక చిన్న వెండి బిళ్ళ కూడా ఆమె మెడలో పడింది. దాని మీద కళ్లూ ముక్కూ లేని ఆడమనిషి బొమ్మ గీసి ఉంది. పోయిన మొదటి భార్య పేరున రెండో భార్య అది వేసుకోవాలి, లేకపోతే పోయినామె ఊరుకోదట. కొత్త చీర కొంటే ముందు మల్లిక ఫొటో ముందు పెట్టాలి. పండగనాడు మొదటి ముద్ద మల్లికకు తీయాలి. బతికున్న రోజుల్లో ఈ ఇంట్లో ఆమె ఎన్నిసార్లు వేడి అన్నం తిన్నదో వరలక్ష్మి ఎవరినీ అడగలేదు. ఎవరిని అడుగుతుంది?

రెండుసార్లు కడుపు నిలిచింది. రెండుసార్లూ మూడో నెలలో పోయింది. మొదటిసారి లక్ష్మక్క తల పట్టుకుని "ఆయమ్మి నిలవనియ్యలేదు" అని ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది, అందులో నటన లేదు. రెండోసారి ఆస్పత్రి నుంచి రాగానే వెండి బిళ్ళ తీసి చింతపండుతో తోమి మళ్లీ కట్టింది. డాక్టరమ్మ రెస్టు తీసుకోమన్నదని చెబితే కుమారస్వామి మగ్గం మీదినుంచి దిగకుండానే అన్నాడు. "ఇంట్లో ఉండేదానికి రెస్టు ఏముండాది? నువ్వేమన్నా మగ్గం నేస్తాండావా?" అతను కోపంగా అనలేదు. ఉన్న మాట అనుకునే అన్నాడు. కుమారస్వామి చెయ్యెత్తే మనిషి కాదు. వీధిలో అందరూ ఆ మాటే చెప్తారు, అతనూ చెప్పుకుంటాడు. అయినా ముందు హాల్లో అతని మగ్గం చప్పుడు ఆగితే చాలు, వరలక్ష్మి భుజాలు వాటంతటవి పైకి లేస్తాయి. మగ్గం ఆగిందంటే పిలుపు వస్తుంది. నీళ్లో, టీయో, తెగిన పోగో, పోయినెల కరెంటు బిల్లో, నిన్న నువ్వు రైలు దిగేసరికి ఎందుకంత పొద్దు పోయిందనే ప్రశ్నో. పిలుపు రాకపోయినా భుజాలు దిగవు. కాలేజీలో పాఠం చెప్తున్నప్పుడు కూడా పక్కగదిలో మిషను ఏదైనా టక్కున ఆగితే నోట్లో మాట ఆగిపోతుంది. ఇదంతా గాలి సోకడమని లక్ష్మక్క అంటుంది. వరలక్ష్మి కాదని ఎప్పుడూ అనలేదు. రాట్నం తిప్పుతుంటే తన ఊపిరి పక్కన ఇంకో ఊపిరి ఆడుతున్నట్టు ఆమెకే ఎన్నోసార్లు అనిపించింది. బోటనీ చదివినంత మాత్రాన భయం పోదు.

ఆమెకు ఊపిరి తిరిగే చోటు ఒక్కటే ఉంది. ధర్మవరానికి, హిందూపురానికి మధ్యన పెనుకొండ స్టేషన్‌లో దిగి, ఆటోలో కొండ కిందికి పోయి, కోట గోడ పక్కన మెట్ల దారిలో సగం దూరం ఎక్కితే, బండల మధ్య తంగేడు పొదలుంటాయి. ఎవరూ నాటినవి కావు, ఎవరూ నీళ్లు పోసినవీ కావు. కొన్నిటిని ఏరుకుని, ఎండాకాలంలోనూ వానల్లోనూ చలిలోనూ అదే పొద్దున అదే ఎత్తులోని ఆకులు కోసి, తేమ పీల్చే గుళికలున్న కవర్లలో వేసి పంపుతుంది. అది ఆమె పీహెచ్‌డీ పని. ఆ కవర్లు గైడు వేణుమాధవ్ సారు ద్వారా బెంగళూరు ల్యాబుకు పోతాయి.

పిల్లలకు ఎపిజెనెటిక్స్ చెప్పాల్సి వచ్చినప్పుడు ఆమె మగ్గంతోనే మొదలుపెడుతుంది. మగ్గానికి ఎక్కించిన అచ్చు ఒకటే. ఏ పోగు పైకి లేవాలో, ఏది కిందనే ఉండాలో పైన వేలాడే జకార్డు అట్టలు చెప్తాయి. అట్టలో బెజ్జం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. దారం మార్చకుండానే హంస పోయి మామిడిపిందె వస్తుంది. ఆకులో డీఎన్ఏ కూడా అంతే, మారదు. దాని మీద మిథైల్ అనే చిన్న చిన్న గుర్తులు పడతాయి, ఏది పనిచేయాలో ఏది మూసుకుని కూర్చోవాలో అవి చెప్తాయి. ఎండ ముదిరితే కొన్ని గుర్తులు పడతాయి, చెట్టు పెరగడం మానేసి బతకడం చూసుకుంటుంది. వాన పడ్డాక వాటిలో చాలా చెరిగిపోతాయి. కొన్ని చెరగవు. ఏవి చెరుగుతాయి, ఏవి ఉండిపోతాయి, ఎందుకు ఉండిపోతాయి? అదే ఆమె వెతుకుతున్నది.

మెట్ల మలుపులో ఒక రాళ్ల కుప్ప ఉంది. దాన్ని ఆకులక్క అంటారు. ఎప్పటిదో ఎవరికీ తెలియదు. అత్తింట్లో చెప్పకుండా పుట్టింటికి బయలుదేరిన ఒక ఆడమనిషి అక్కడ దాహంతో పడి చచ్చిపోయిందట. ఆ దారిన పోయే ఆడవాళ్లు ఒక పచ్చి రెమ్మ తుంచి ఆ కుప్ప మీద వేయాలి. వేయకపోతే వెంట పడుతుందట. మగవాళ్లు వేయక్కర్లేదు, వాళ్ల వెంట పడదు. వరలక్ష్మి మొదటిసారి ఎక్కినప్పుడు ముందు పోతున్న ఆడవాళ్లు వేస్తే తనూ ఒక రెమ్మ వేసింది. అదొక అలవాటు, గుళ్లో గంట కొట్టినట్టు.

పోయిన ఏడు ఎండాకాలం ఆకులూ వానకాలం ఆకులూ కలిపి ల్యాబు నుంచి ఫలితాలు ఈ జూన్ నెలాఖరున వచ్చాయి. ఆమె స్టాఫ్‌రూములో లాప్‌టాప్ తెరిచి చూసింది. ఎండాకాలపు గుర్తులు ఎర్ర చుక్కలు, అవి చెరిగినచోట నీలం. వానకాలపు వరసలో అన్ని చెట్లూ నీలంగా మారాయి. తొమ్మిదో చెట్టు ఒక్కటి ఎర్రగానే ఉంది. ఆ కొండ మీదే, ఆ వానలోనే తడిసిన చెట్టు. దాని ఆకులు కోసిన పొద్దున ఆమె చీర కుచ్చెళ్లు తడిసి కాళ్లకు చుట్టుకోవడం ఆమెకింకా గుర్తుంది. ఆ చెట్టుకు మాత్రం వాన వచ్చినట్టే తెలియదు.

"కవరేదో మారిపోయుంటుందమ్మా" అన్నాడు వేణుమాధవ్ ఫోనులో. ఆయన మంచివాడు, తొందర మనిషి. "ఒక్క చెట్టే కదా. తీసేయండి. గ్రాఫు శుభ్రంగా వస్తుంది. మళ్లీ ఈ వానల శాంపిలు తెచ్చారంటే మీ పని అయిపోయినట్టే."

ఒక్క చెట్టే కదా. ఆ మాట ఎందుకు గుచ్చుకుందో ఆమెకు అప్పుడు తెలియలేదు. కవరు మారలేదు. మట్టి చూసింది, పక్క చెట్ల కింద ఉన్న మట్టే. బండ చూసింది, నీడ చూసింది, వేళ్లకు పురుగేమైనా పట్టిందేమో చూసింది. ఏమీ లేదు. పొద్దున రాట్నం ముందు కూర్చుంటే ఆ చెట్టే కళ్లముందు. నీళ్లలో నిలబడి ఎండకు భయపడుతున్న చెట్టు. దానికి ఎవరు చెప్పాలి కాలం మారిందని?

ఆమెకు అంతకంటే పెద్ద భయం ఇంకొకటి పట్టుకుని ఉంది. ఈసారి మళ్లీ నెల తప్పింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే మల్లిక వింటుందేమో అన్నట్టు నోరు మూసుకుంది. కానీ ఆ ఇంట్లో నెలల లెక్క కోడలికంటే అత్తకే బాగా తెలుసు. ఒక సాయంత్రం వరలక్ష్మి రైలు దిగి వచ్చి బ్యాగు దించగానే లక్ష్మక్క మొహంలోకి చూసి, "ఎన్నో నెల?" అని అడిగింది. రెండు నిండుతాండాయి అని చెప్పక తప్పలేదు. ముందు హాల్లో మగ్గం ఆగింది. వరలక్ష్మి భుజాలు లేచాయి.

"ఆదివారం ఆకులక్కకు పోదాం" అంది లక్ష్మక్క. ఆమె పుట్టిల్లు పెనుకొండ పక్కనే, ఆ కుప్ప ఆమెకు చిన్ననాటి నుంచీ తెలుసు. "మొక్కుకుని ఆకేసొద్దాం. ఈ తూరి నిలవాల."

కుమారస్వామి వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. "మొక్కు తీరినాంక ఆ గుట్టలు గిట్టలు బంద్. కాలేజీ గూడా మానుకో. శ్రావణం ఆర్డర్లు నెత్తిన ఉండాయి, ఇంట్లో ఉంటే అమ్మకు ఆసరా అవుతావు. కూర్చుని చేసే పనే గదా."

"ఈ వానల ఆకులు కోస్తే అయిపోతాది. ఈ ఒక్క తూరి" అంది వరలక్ష్మి.

"ఆకులు!" అని నవ్వాడు అతను. "మేకలు గూడా కోస్తాయి ఆకులు. దానికి పీహెచ్‌డీ ఎందుకే?"

నేతగాళ్లు కూడా నవ్వారు. వరలక్ష్మి వంటింట్లోకి పోయి బియ్యం కడిగింది. నడుము దగ్గర సన్నగా నొప్పి మొదలైంది. మొదటిసారీ ఇట్లాగే మొదలైంది, రెండోసారీ ఇట్లాగే. బియ్యం నీళ్లు పారబోస్తూ ఆమె లోపలి బిడ్డతో, ఉండు నాయనా, ఉండు అంది. ఉండమని చెప్పడానికి తన దగ్గర ఏముందో ఆమెకు తెలియలేదు. ఉద్యోగం మానేసి ఈ ఇంట్లో కూర్చుంటే ఏమవుతుందో మాత్రం తెలుసు. ఈ పీట ఇంకాస్త లోతవుతుంది.

ఆదివారం అత్తాకోడళ్లిద్దరే బయలుదేరారు. రాత్రి వాన పడి కొండంతా కడిగినట్టుంది. లక్ష్మక్క మెట్టుమెట్టుకూ ఆగి రొప్పుతోంది. ఒక చేతిలో కొబ్బరికాయ, ఊదొత్తులు. ఇంకో చేయి కోడలి భుజం మీద. ఇంట్లో లేని దగ్గరతనం దారిలో వచ్చింది. "నన్ను గూడా మా అత్త ఈడికే పిల్చుకొచ్చినాది" అంది లక్ష్మక్క. "కుమారస్వామికి ముందు నాకూ ఇద్దరు పోయినారు. చెప్పలేదు గదా నీకు." వరలక్ష్మి చెప్పలేదు అన్నట్టు తల ఊపింది. ఆ ఇంట్లో నిలవకుండా పోయిన బిడ్డలు మల్లిక పుట్టకముందే మొదలయ్యారన్నమాట. ఆ లెక్క లక్ష్మక్కకు ఎప్పుడూ తట్టినట్టు లేదు.

మలుపు తిరగగానే కుప్ప కనబడింది. మొన్నటి రెమ్మలు వాడి, వాటి మీద నిన్నటివి వాడి, పైన కొత్తవి పచ్చగా ఉన్నాయి. లక్ష్మక్క చెప్పులు విడిచి, కొంగు తల మీదికి లాక్కుని, చూడకుండానే పక్కనున్న పొదలోకి చెయ్యి చాచి ఒక లేత రెమ్మ పుటుక్కున తుంచింది. తుంచిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

పొద మొదట్లో ఎర్రగుడ్డ పేలిక కట్టి ఉంది. వెలిసిపోయినా అంచున చిన్న జరీ గీత ఇంకా మెరుస్తోంది.

"ఇది మల్లిక చీర" అంది లక్ష్మక్క. అటూ ఇటూ చూసింది. పైన బండ పక్క పొదకూ ఎర్ర పేలికే. కింద గోడ పక్క పొదకూ. "అమ్మా, కొండంతా ఆయమ్మి కట్టుకున్యాదే! యాడ చూసినా ఆయమ్మే ఉండాదే!" అక్కడే కూలబడింది.

"నేను కట్టినానత్తా" అని వరలక్ష్మి ఆమె పక్కన కూర్చుంది. ప్లాస్టిక్ ట్యాగులు కడితే మేకలు నమిలేశాయి. అందుకని ఇంట్లో పాతగుడ్డల మూట విప్పి, దూరానికి కనబడుతుందని ఒక ఎర్రచీర చింపి పేలికలు కట్టింది. ఎవరి చీరో ఆమెకు తెలియదు. గుర్తు కోసం కట్టింది, అంతే. లక్ష్మక్క విన్నదో లేదో, ఆ జరీ అంచును వేళ్లతో తడుముతూ ఉండిపోయింది.

అప్పుడే పైనుంచి ఇద్దరు ఆడవాళ్లు దిగుతూ వచ్చారు. అలవాటైన చేతులు ఆ పొదలోనే రెమ్మలు తుంచి కుప్ప మీద వేశాయి. లక్ష్మక్కను చూసి ఒకామె ఆగి, "భయం లేదులేక్కా, అది ముడుపు చెట్టు" అంది. "ఎవరో కష్టం ఉండే తల్లి మొక్కుకుని గుడ్డ కట్టినాది. దాంట్లోది తుంచేస్తే ఆకులక్క తొందరగా ఇంటాదంట. మేం రెండేండ్ల నుంచి దాంట్లోదే తుంచేది. దూరంగా ఉండేటివి ఎవరు పోతారు? ఇది చేతికి అందుతాది గదా."

వరలక్ష్మి లేచి పొద దగ్గరికి పోయింది. తొమ్మిదోది. తను ఎప్పుడూ కోసేది మధ్య ఎత్తులో ముదిరిన ఆకు, కాబట్టి చివర్లు చూసే అవసరం రాలేదు. ఇప్పుడు చూసింది. ఒక్క చివర కూడా సజావుగా లేదు. తుంచినచోట కొత్త చిగురు, ఆ చిగురూ తుంచి ఉంది, దాని పక్కనుంచి ఇంకొకటి, అదీ తుంచి ఉంది. ఇన్నాళ్లూ మట్టి చూసింది, నీళ్లు చూసింది, ఆకాశం చూసింది. చేతులు మాత్రం చూడలేదు. ఈ ఆడవాళ్ల పక్కనుంచే ప్రతిసారీ ఎక్కి దిగింది. పైగా ఇక్కడ తుంచండని గుడ్డ కట్టి చూపించింది తనే. మొదటి రెమ్మల్లో ఒకటి తన చేత్తో తుంచినదే. వీళ్లలో ఎవరికీ ఆ చెట్టు మీద కోపం లేదు. దాన్ని నరికినవాళ్లు లేరు, కాల్చినవాళ్లు లేరు. దండం పెట్టుకుని తలా ఒక రెమ్మ తీసుకున్నారు. ఎవరి లెక్కలో చూసినా ఒక్క రెమ్మే. చెట్టు లెక్కలో మాత్రం తెరిపి లేదు. వాన ఎంత కురిస్తే ఏం, దాని ఒంటికి ఎండాకాలం ముగియలేదు.

అక్కడ నిలబడే ఆమెకు తన ఇల్లు మొత్తం కనబడింది. ఎవరూ కొట్టని ఇల్లు. మంచి ఇల్లే అని అందరూ చెప్పే ఇల్లు. తన భుజాలు ఎందుకు దిగవో, పాఠం మధ్యలో మాట ఎందుకు ఆగుతుందో, రెండుసార్లు లోపలి ప్రాణం ఎందుకు పట్టు విడిచిందో, దానికి ఇన్నాళ్లూ ఒక చచ్చిపోయిన ఆడదాని పేరు పెట్టి, ఆ పేరును వెండి బిళ్ళ చేసి తన మెడలోనే కట్టారు. పాపం మల్లిక ఏం చేసింది? ఆ పీట మీద కూర్చుని అలిసి గోడకు తల ఆనించింది. ఆమెనూ ఇట్లాగే రోజుకు ఇంత తుంచి ఉంటారు. తన పక్కన ఆడిన ఆ రెండో ఊపిరి తనను పట్టుకోవడానికి వచ్చినది కాదేమో, జాగ్రత్త చెప్పడానికి వచ్చిందేమో. అనుకోగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. భయంతో కాదు, ఒక మనిషిని అన్యాయంగా అనుమానించినందుకు. నిజమే, బిడ్డలు పోయింది రెస్టు లేకనే అని ఏ డాక్టరూ రాసివ్వలేదు. అది తేలాలన్నా దారి ఒకటే. చెట్టు చుట్టూ ముళ్లకంప వేసి, ఏ చెయ్యీ పడకుండా ఒక కాలం గడవనిచ్చి, అప్పుడు ఆకు కోసి చూడాలి. ఆ గుర్తు చెరిగితే చేతుల వల్లే అని తేలుతుంది. చెరగకపోతే ఇంకేదో ఉందని తేలుతుంది. ఏదీ చేయకుండా ఆ చెట్టును లెక్కలోంచి తీసేయడం మాత్రం అబద్ధం.

ఆమె అక్కడికక్కడే వేణుమాధవ్‌కు ఫోను చేసి, "సార్, తొమ్మిదో చెట్టును తీయను. ఇంకో కాలం కావాలి నాకు" అని చెప్పింది. ఆయన ఆలస్యమవుతుందమ్మా అన్నాడు. కానీయండి అంది. బండల పక్కన ఎండిన రేగుకంప దొరికితే లాక్కొచ్చి పొద చుట్టూ అడ్డంగా పడేసింది. చేతులకు ముళ్లు గీరుకున్నాయి. లక్ష్మక్క కొబ్బరికాయ ఒళ్లో పెట్టుకుని అంతా చూస్తూ కూర్చుంది. కాయ కొట్టలేదు.

పెనుకొండ స్టేషన్‌లో ధర్మవరం వైపు రైలుకు ఇంకా టైముంది. హిందూపురం వైపు బండి ముందొస్తుందని మైకులో చెప్పారు. వరలక్ష్మి బెంచీ మీద అత్త పక్కన కూర్చుని, మెల్లగా, ఒక్కో మాటా సరిచూసుకుంటూ చెప్పింది.

"అత్తా, నేను ధర్మవరం రాను. హిందూపురం పోతాండా. మా కాలేజీ లైబ్రరీలో మరియమ్మక్క ఉండాది గదా, వాళ్ల మేడ మీద గది ఖాళీగా ఉండాదంట. ఎప్పటినుంచో రమ్మంటాది. ఈ వానలు పోయేదాకా ఆడ ఉంటా. కాలేజీకి పోతా, వస్తా, పండుకుంటా. ఇంకేం చెయ్యను."

లక్ష్మక్క కోడలి చెయ్యి పట్టుకుంది. "చెప్పకుండా పోయిన దానికి ఏమైనాదో ఇప్పుడే చూసొస్తివి గదే" అంది.

"నేను చెప్పే పోతాండా అత్తా."

చెప్పడానికే భర్తకు ఫోను కలిపింది. వెనక మగ్గం చప్పుడు వినిపిస్తోంది. విషయం చెప్పగానే ఆ చప్పుడు ఆగింది. భుజాలు లేచాయి. లేస్తే లేచాయని ఆమె మాట ఆపలేదు.

"ఎవరి చెయ్యి పడినాదే నీ మీద?" కుమారస్వామి గొంతు ఫోను బయటికి కూడా వినిపిస్తోంది. "ఏపొద్దన్నా కొట్టినానా నిన్ను? అడుగు, వీధిలో ఎవర్నైనా అడుగు!"

"కొట్టలేదు. ఒక్క దెబ్బ గూడా కొట్టలేదు" అంది వరలక్ష్మి.

"మరి? అమ్మకియ్యి ఫోను."

లక్ష్మక్క ఫోను అందుకుని చెవి దగ్గర పెట్టుకుంది. కొడుకు చాలాసేపు మాట్లాడాడు. పిల్చుకురా, నాలుగు కేకలెయ్యి, వీధిలో పరువు, ఆర్డర్లు, అన్నీ అన్నాడు. ఆమె పట్టాల అవతల కొండ వైపు చూస్తూ ఉంది. అక్కడినుంచి పొదలు కనబడవు. కొడుకు ఇంకా మాట్లాడుతుండగానే ఫోను కోడలి చేతిలో పెట్టేసింది.

బండి వచ్చింది. వరలక్ష్మి లేవబోతే నడుము పట్టేసింది. బ్యాగు లక్ష్మక్కే ఎత్తి తలుపు దగ్గరికి మోసుకొచ్చింది. కోడలు ఎక్కి నిలబడ్డాక కమ్మీ పట్టుకుని కిందనే నిలబడిపోయింది. ఏదో అంటుందని వరలక్ష్మి వంగింది.

"జ్వరం గాదు" అంది లక్ష్మక్క. "మల్లికకు జ్వరం రాలేదు. కడుపుతో ఉండి నెత్తురు పోయి పోయి సచ్చిపోయినాది. అంతకు ముందు నెల ఇట్లే అడిగినాది, ఓబులదేవరచెరువులో వాళ్లమ్మ దగ్గర ఆ వానకాలం ఉండొస్తానని. వాడు పొమ్మనే అన్యాడు. వద్దన్యది నేనే."

బండి కదిలింది. లక్ష్మక్క కమ్మీ వదిలేసింది.